మామ వేసిన చివరి జాయింటు

ఈ నాలుగు మాటలు చదవబోతున్న పెద్దలకు, పిన్నలకు, పురపాలక నీటి విభాగానికి, ప్లాస్టిక్ పైపు కనిపెట్టిన ఆ అజ్ఞాత మహానుభావుడికి, నాకు ఫ్లూయిడ్ మెకానిక్స్ మూడుసార్లు చెప్పి మూడుసార్లూ విసిగిపోయిన అధ్యాపకులకు సాష్టాంగపడి ముందుగానే క్షమాపణ వేడుకుంటున్నాను. ఒక మనిషిని తలచుకుని రాయడానికి కావలసిన వయసు, గాంభీర్యం, తెల్ల పంచె నా దగ్గర లేవు. ఇందులో జరగబోయే సమస్త అపరాధాలకూ నాదే బాధ్యత. విషయం ఏమిటంటే, మొన్న బుధవారం పొద్దున మా పైపుల మామ పోయాడు.

కబురు మా వీధి దాటి మార్కాపురం బస్టాండు చేరడానికి పావుగంట కూడా పట్టలేదు. నా ఫోను మోగడం మొదలైంది. మామకు ఫోను ఎత్తే అలవాటు లేదు కాబట్టి, ఆయన్ను బండి మీద తిప్పే నిరుద్యోగిగా ఊళ్ళో చాలామంది దగ్గర నా నంబరే ఉంది.

"అబ్బాయ్, పైపులాయన పోయినాడంట, నిజమేనా?"

"నిజమే అన్నా."

"అయ్యయ్యో. బంగారంలాంటి మనిషి." ఒక నిట్టూర్పు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మరి మా మెట్ల కింద లీకు ఎవురు సూస్తారిప్పుడు?"

తొమ్మిదిలోపు ఇలాంటివి నాలుగు వచ్చాయి. మెట్ల కింద ఒకటి, బాత్రూం వెనక రెండు, నాలుగోది కొనకనమిట్ల నుంచి, మేడ మీది ట్యాంకు కింద. వాళ్ళను నేను తప్పుపట్టను. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకునే ఊళ్ళు మావి. కారుతున్న పైపుకు సంతాప దినం ఉండదు.

అందరూ ఆయన ఆయాసంతో పోయాడనుకున్నారు. అదీ నిజమే. గాలి ఆడని మూలల్లో ఏళ్ళ తరబడి పైపులు అతికించే సొల్యూషన్ వాసన, సిమెంటు దుమ్ము పీల్చినవాడికి ఊపిరితిత్తులు ఏమి మిగులుతాయి? కానీ మామ ఒక మాట నమ్మి పోయాడు. తన చెయ్యి చెడిపోయిందని. అది అబద్ధం. అబద్ధమని తెలిసినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. ఈ స్మృతి రాయడానికి నాకున్న అర్హత అంతకుమించి ఏమీ లేదు.

మామ అంటే రక్తసంబంధం కాదు. మా ఇంటి వెనక సందులో మూడో ఇల్లు. మా నాయన ఆయన్ను బావా అనేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. నేను బీటెక్ మెకానికల్ పూర్తి చేసుకుని, పట్టా చేత్తో పట్టుకుని, ఏ ఉద్యోగమూ పట్టకుండా ఇంటికి వచ్చిన రోజు నుంచి ఆయన నన్ను ఇంజనీరల్లుడూ అనేవాడు. ఆ పిలుపులో గౌరవం ఎంత, ఎగతాళి ఎంత అని లెక్కగట్టే సాధనం మా కాలేజీ ప్రయోగశాలలో లేదు.

ఊళ్ళో పైపుల పని చేసేవాళ్ళకు కొదవలేదు. కళ్ళ ముందు కారే పైపును ఎవరైనా బాగుచేస్తారు. మామ దగ్గరికి వచ్చేవి మిగతావాళ్ళు చేతులెత్తేసినవి. రెండిళ్ళ గోడల మధ్య ఇరుకు సందు, మెట్ల కింద గూడు, ఇంటి మీద ఇల్లు వేసుకుంటూ పోయి నడుమ ఇరికించేసిన పాత లైను. మా ఊరి అంగళ్ళ వీధుల్లో స్థలం కొన్నవాడు అంగుళం వదలడు. పైపులు మాత్రం ఆ వదలని అంగుళంలోంచే పోవాలి. గోడ పగలగొడితే పని సులువే. కానీ ఆ గోడ పక్కవాడిది, పక్కవాడితో మాటలుండవు. కాబట్టి మామను పిలవండి.

ఆయన బక్కపలచని మనిషి. "పక్కకు తిరిగితే నీడ గూడ పడదు ఈయనది," అనేది అత్త. చొక్కా విప్పి, బనీను మీద, ముందు కుడి భుజం, తర్వాత తల, తర్వాత ఊపిరి బిగబట్టి ఛాతీ. అలా ఒక్కో అవయవాన్నే సందులోకి దూర్చేవాడు. కొలతలు కాగితం మీద రాసుకునేవాడు కాదు. మా ఊళ్ళో ఎక్కడపడితే అక్కడ దొరికే విరిగిన పలక ముక్క ఒకటి జేబులో ఉండేది, దాని మీద సుద్దతో గీసుకునేవాడు. సగానికి విరిచి ఒక చివర గుడ్డ చుట్టిన రంపపు బ్లేడు, చిన్న చాకు, కర్రకు కట్టిన మోటారుసైకిలు అద్దం, నైలాను తాడు, సొల్యూషన్ డబ్బా. చేతి సంచి మొత్తం అంతే. నేను మొదటిసారి ఆ సంచిలోకి తొంగి చూసి, "మిగతా సామాను ఏది మామా?" అని అడిగాను. "మిగతాది నేనేరా," అన్నాడు.

ఒకసారి పెద్దారవీడు అవతల ఒక గొర్రెల మంద ఉన్న ఇంటికి పోయాం. బోరులో బొటనవేలి లావు నీళ్ళు వచ్చే కాలం. ఆ వచ్చే కాసిని నీళ్ళూ రాతి తొట్టి కింద ఎక్కడో పగిలిన పైపులోంచి నేలలోకి ఇంకిపోతున్నాయి. తొట్టి కదలదు. కదిలిస్తే పగులుతుంది. మామ బోర్లా పడుకుని దాని కింది ఖాళీలోకి నడుముదాకా దూరాడు. బయట రెండు కాళ్ళు మాత్రమే మిగిలాయి.

ఆ ఇంటి అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, "దూరితే దూరినావు గానీ నాయనా, బయటికొచ్చేదెట్ల?" అంది.

"దూరినోనికి బయటికొచ్చేది తెలుసులే అవ్వా. ముందు నీ గొర్రెను అట్ల జరుపు. నా పంచె మేస్తాంది."

అక్కడ బ్లేడు ఆడదు. మామ నైలాను తాడును పైపు వెనకనుంచి చుట్టి, రెండు కొసలూ పట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి లాగడం మొదలుపెట్టాడు. మజ్జిగ చిలికినట్టు. ఆ రాపిడి వేడికి ప్లాస్టిక్ కరిగి, నిమిషం తిరక్కుండా పైపు తెగింది. నేను నోరు తెరిచేశాను.

"ఇది యే సిలబస్‌లో ఉంది మామా?"

"కడుపు సిలబస్‌లో," అని తొట్టి కిందినుంచి సమాధానం వచ్చింది.

ఇంకో విద్య కూడా ఆయన దగ్గరే చూశాను. రెండు పైపు ముక్కల్ని కలిపే కప్లరు లోపల నడిమధ్యన ఒక చిన్న గట్టు ఉంటుంది, పైపు అంతకు మించి లోపలికి పోకుండా. మామ చాకు మొనతో ఆ గట్టును చెక్కేసేవాడు. అప్పుడు కప్లరు మొత్తం ఒక పైపు మీదికి గాజులా జారిపోతుంది. కొత్త ముక్కను మధ్యలో పెట్టి, గాజును మళ్ళీ వెనక్కి జరిపితే అతుకు కూర్చుంటుంది. పైపును అటూ ఇటూ లాగే చోటు లేనప్పుడు అదొక్కటే దారి. ఇదంతా ఆయన కళ్ళు మూసుకుని చేసేవాడు. "సందులో కండ్లు తెరిస్తే భయం కనపడతాది. మూసుకుంటే పైపు కనపడతాది," అనేవాడు.

బట్టల వ్యాపారి ఒకాయన ఇంట్లో వాల్వు సరిగా మూసుకోక, పైపులో సన్నటి ధార ఆగకుండా వస్తోంది. తడి మీద సొల్యూషన్ అంటదు. మామ సందులోంచి చెయ్యి బయటికి చాపి, "అల్లుడూ, బన్ను తేపో," అన్నాడు. ఆకలేసిందేమోనని నేను మంచిది, పైన రంగురంగుల పండ్లముక్కలు అద్దినది తెచ్చాను. అది చూసి ఆయనకు కోపం వచ్చింది.

"పండ్లముక్కలు ఎందుకురా? పోయి షవర్లో ఇరుక్కుంటాయి! సాదాది తే!"

సాదా బన్ను తెల్లటి గుజ్జును ఉండ చేసి పైపు లోపల కూరాడు. ధార ఆగింది. అతుకు వేశాడు. బన్ను నిదానంగా నాని, తర్వాతెప్పుడో నీళ్ళతోపాటు బయటికి వస్తుంది. ఆ తర్వాతెప్పుడో వచ్చినప్పుడు ఆ ఇంటి ఇల్లాలు వీధి చివరిదాకా వినబడేలా అరిచింది. "ఏమయ్యో, మా కుళాయిలో బన్ను వస్తాంది!"

"మంచిదే కదమ్మా," అన్నాడు మామ. "టీ కూడా పట్టేస్తే టిఫిను ఖర్చు మిగుల్తాది."

సొల్యూషన్ పూసి, పైపును కప్లరులోకి తోసి, పావు చుట్టు తిప్పి, అలాగే పట్టుకోవాలి. వదిలితే అది మెల్లగా వెనక్కి తన్నుకొస్తుంది. ఎంతసేపు? మామకు అంకెలు లెక్కపెట్టడం నచ్చదు. రైలు స్టేషన్లు చెప్పుకునేవాడు. గిద్దలూరు. ఊపిరి. సోమిదేవిపల్లె. ఊపిరి. కంభం. తర్లుపాడు. మార్కాపురం రోడ్డు. గజ్జలకొండ. దొనకొండ వచ్చేదాకా చెయ్యి తియ్యడు. నేను బయట నిలబడి ఆ చీకటి సందులోంచి ఒక ప్యాసింజరు బండి అతి నిదానంగా పోవడం వినేవాణ్ణి.

ఇక్కడిదాకా నవ్వుకునే సంగతులు. మీకు కావలసినన్ని నవ్వులు అయిపోయాయి. ఇక గేటువాల్వు పిడి గురించి చెప్పాలి.

అతుకు వేశాక ఒక పగలు, ఒక రాత్రి నీళ్ళు వదలకూడదు. ఇది మామ శాసనం. కానీ మా ఊళ్ళో మునిసిపాలిటీ నీళ్ళు రోజూ రావు. వచ్చిన గంటలో పట్టుకోవాలి. ట్యాంకు నిండిందని తెలిశాక ఎవరి చెయ్యీ ఊరుకోదు. "కొంచెం తిప్పి సూద్దాం" అనే చేతులే అన్నీ. అందుకని మామ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పని అయ్యాక ట్యాంకు కింది గేటువాల్వు పిడిని స్క్రూ ఊడదీసి జేబులో వేసుకుని ఇంటికి పోయేవాడు. మర్నాడు తానే వచ్చి, బిగించి, తిప్పి, అద్దం పెట్టి చూసి, కారడం లేదని తేలాకే పిడి అప్పగించేవాడు. అత్త ఆ పిడుల్ని వంటింటి మేకులకు తగిలించి, ఒక్కోదానికీ ఆ ఇంటి గుర్తు దారం కట్టేది. తెల్లవారకముందే వాకిట్లో కొందరు చేరేవాళ్ళు.

"అత్తా, మామను లేపు, మా పిడి ఇయ్యమను. పిల్లోళ్ళు స్కూలుకు పోవాల."

"పొద్దు ఎక్కనీ నాయనా. ఆరకుండా తిప్పితే మళ్ళ మీరే వస్తారు, మళ్ళ తిట్టేది నన్నే."

ఊరంతా ఆ పిడుల గురించి గొణుక్కుంది. కానీ మామ వేసిన అతుకు కారిందని ఎవరూ, ఎప్పుడూ వచ్చింది లేదు. ఆ ఒక్క మాట మీదే ఆయన తల ఎత్తుకుని తిరిగేవాడు. డబ్బు విషయంలో ఎవరెంత తగ్గించినా పట్టించుకునేవాడు కాదు. "నా జాయింటు కారిందని ఒక్కరిని సెప్పమను" అంటే మాత్రం గొంతు మారేది.

పోయిన ఎండాకాలం మా ఇంట్లోనే లీకు వచ్చింది. మా ఇంటికీ, పక్కింటి బాబాయి ఇంటికీ మధ్య మూరెడు కంటే తక్కువ సందు. అందులో మా లైను. బాబాయి ఎండుమిరపకాయల వ్యాపారి. ఆయన గోదాము గోడ అటువైపు. మామ పొద్దున దూరి, మధ్యాహ్నానికి బయటపడ్డాడు. మోచేతులు రెండూ గీరుకుపోయి ఉన్నాయి. మేడ మీదికి ఎక్కి పిడి ఊడదీశాడు. అలవాటుగా జేబు దగ్గరికి పోయిన చెయ్యి ఆగింది. నన్ను చూసి నవ్వాడు.

"నువ్వు ఇంజనీరువి. నీకు గూడ నేను చెప్పాల్నా?" అని పిడిని నా చేతిలో పెట్టాడు. "రేపు మధ్యాన్నం వస్తా. అంతవరకు ముట్టొద్దు."

ఆయన పిడి వదిలివెళ్ళిన ఒకే ఒక్క ఇల్లు మాది.

ఆ సాయంత్రం గిద్దలూరులో నా స్నేహితుడి పెండ్లి రిసెప్షను. నా బండి దుమ్ము కొట్టుకుని ఉంది. పెరట్లో కుళాయి ఆ లైనుదే. నేను మేడెక్కి, పిడి బిగించి, తిప్పి, కిందికి వచ్చి, పది నిమిషాలు బండి కడుక్కుని, మళ్ళీ పైకెక్కి, వాల్వు కట్టేసి, పిడి తీసి జేబులో వేసుకున్నాను. ఇంట్లో చంటిపిల్ల ఏడవలేదు. తద్దినం లేదు. ఎవరికీ దాహం వేయలేదు. బండి కడుక్కున్నాను, అంతే. ఇంకేదైనా గొప్ప కారణం ఉండి ఉంటే ఎప్పుడో చెప్పేసేవాణ్ణేమో. ఇంత చిన్న కారణాన్ని నోట్లోంచి బయటికి తీయడం ఎంత కష్టమో నాకప్పుడు తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం మామ వచ్చాడు. నేను బుద్ధిగా పిడి ఇచ్చాను. ఆయన తిప్పాడు. సందులోకి అద్దం పెట్టి అరగంట చూశాడు. పొడిగా ఉంది. వెళ్ళిపోయాడు. రెండు గంటల తర్వాత, మోటారు వేసి ట్యాంకు నిండా నీళ్ళు పట్టాక, సందులో పటక్కున శబ్దం వచ్చింది. మా నాయన వాల్వు దగ్గరికి పరుగెత్తేలోపు అటువైపు ఎండుమిరపకాయల గోతాల అడుగు వరస మొత్తం తడిసిపోయింది.

బాబాయి మామను ఇంటినుంచి పిలిపించి వీధిలో నిలబెట్టాడు.

"ఏంది ఇది? ఏందంటా? సూడు, నా సరుకు సూడు! ముసలోనివి అయినావు, చేతులు వణుకుతాండాయి, ఇంక ఇంట్లో కూచోవాల్సింది నువ్వు! ఇంకొకరి కొంపలు ముంచను ఎందుకు బయల్దేరతావు?"

"తమ్ముడూ, మాట జారొద్దు," అని మా నాయన అడ్డం వచ్చాడు. మామ ఆయన్ను చెయ్యితో పక్కకు జరిపాడు. బాబాయి వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"అల్లుడూ, పిడి ముట్టలేదు కదా?"

వీధిలో పదిమంది ఉన్నారు. ఆయన అడిగింది నన్ను ఒక్కణ్ణే.

"లేదు మామా."

ఆయన తల ఊపాడు. తన రెండు చేతుల్ని ముందుకు చాపి, ఎవరో ఇచ్చిన వస్తువుల్లా, తిప్పి తిప్పి చూసుకున్నాడు. అవి వణకడం లేదు. అప్పుడు వణకలేదని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. కానీ నా ప్రమాణానికి విలువ ఎంతో మీరే చూశారు.

ఆ రోజు నుంచి మామ పనికి పోలేదు. ఇంకో పనివాడు వచ్చి, బాబాయితో మాట్లాడుకుని, అటువైపు గోడ పగలగొట్టి మా లైను మార్చాడు. పాత ముక్కల్ని మా మేడ మీద పడేసి పోయాడు. నాకు ఫోన్లు వచ్చేవి. కొమరోలు నుంచి ఒకాయన బస్సులో వచ్చి మరీ మామ వాకిట్లో కూర్చున్నాడు. "లేదు నాయనా, ఇంక నా చేత కాదు. వేరేవాళ్ళను సూసుకో," అని మామ చెబుతుంటే ఆ మనిషి నమ్మలేక నా ముఖం చూశాడు. నేను చెప్పు లేసులు సరిచేసుకున్నాను. నా చెప్పులకు లేసులు లేవు.

పనికి పోలేదు గానీ ఊరుకోలేదు కూడా. తుక్కులోంచి పైపు ముక్కలు తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని అతుకులు వేసేవాడు. ఒక పగలు, ఒక రాత్రి ఆరబెట్టి, ఒక చివర మూసి, నీళ్ళు నింపి, గోడకు ఆనించి పెట్టేవాడు. నేను పోయేసరికి వరండా అంతా పైపు ముక్కలు బడి పిల్లల్లా వరసగా నిలబడి ఉండేవి. ఒక్కటీ కారలేదు.

"ఇంట్లో వేస్తే కారదు, బయట వేస్తే కారింది," అన్నాడు. "దీన్ని ఏమంటారు అల్లుడూ మీ సదువులో?"

చెప్పాలి. అప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను.

"హోం గ్రౌండ్ అడ్వాంటేజి అంటారు మామా," అన్నాను.

ఆయన నవ్వలేదు. నా జోకుకు ఆయన నవ్వకపోవడం అదే మొదలు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పడానికే పోయాను, రెండుసార్లూ ఇలాంటిదే ఏదో చెప్పి వచ్చాను. నాకు జోకులు వేయడం తేలిక అని అందరూ అంటారు. తేలికే. వాటికి ఆరే సమయం అక్కర్లేదు.

చలి మొదలయ్యేసరికి ఆయాసం ఎక్కువైంది. నాలుగు అడుగులు వేసి గోడ పట్టుకునేవాడు. గిద్దలూరు తీసుకుపోయాం, ఒంగోలు తీసుకుపోయాం. మందులు పెరిగాయి, మనిషి తగ్గాడు. మంచం మీద కూడా చేతుల్నే చూసుకునేవాడు. అత్త ఒకరోజు నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"ఊపిరి అందక గాదు నాయనా ఈయన బాధ. పొద్దుగూకులూ అదే మాట. యాడ తప్పినా, యాడ తప్పినా అని. మీ జాయింటు తప్ప ఇంకోటి లేదు నోట్లో. నువ్వన్నా ఏమన్నా సెప్పు."

లోపలికి పోయాను. మామ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. మాటకూ మాటకూ మధ్య చాలాసేపు పడుతోంది.

"ఆ జాయింటు... పారేసినారా?"

"మేడ మింద ఉంటాదేమో మామా."

"తెచ్చియ్యి. సూస్తా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఆరకముందే నీళ్ళు తగిలింటే, సొల్యూషన్ తెల్లగా, ఇరిగిన పాల లెక్క ఉంటాది. నా చెయ్యి తప్పింటే, పూయని చోట పైపు కొత్తదాని లెక్క నున్నగా ఉంటాది. రెంట్లో ఏదో ఒకటి. సూస్తే తెలిసిపోతాది."

ఇంటికి వచ్చి మేడ ఎక్కాను. పాత ముక్కల కుప్పలో ఆ కప్లరు దొరికింది. లోపల ఆయన చెక్కేసిన గట్టు గుర్తు ఉంది. బ్లేడుతో నిలువునా కోశాను. చుట్టూ, ఒక్క వెంట్రుక వాసి కూడా వదలకుండా, సొల్యూషన్ పూసి ఉంది. మొత్తం తెల్లగా ఉంది. విరిగిన పాలలా.

అది తీసుకుపోయి ఆయన చేతిలో పెడితే చాలు. నేను నోరు కూడా విప్పక్కర్లేదు.

నేను చేసింది ఇది. బస్టాండు దగ్గర దుకాణంలో కొత్త కప్లరు, సొల్యూషన్ డబ్బా కొన్నాను. అదే సైజు పాత పైపు ముక్క ఏరాను. చాకుతో లోపలి గట్టు చెక్కాను, ఆయన చెక్కే పద్ధతిలోనే. పైపు చుట్టూ సొల్యూషన్ పూసి, ఒకచోట బొటనవేలంత మేర వదిలేశాను. తోశాను, పావు చుట్టు తిప్పాను, చెయ్యి తీయకుండా పట్టుకున్నాను. ఒక పగలు, ఒక రాత్రి ఆరనిచ్చాను. ఆ శాసనాన్ని నేను తు.చ. తప్పకుండా పాటించింది అప్పుడే. తర్వాత మట్టి రాసి, నిలువునా కోసి, మామకు తీసుకుపోయి ఇచ్చాను. నా జన్మలో నేను స్వయంగా వేసిన జాయింటు అదొక్కటే.

ఆయన అత్తను కళ్ళజోడు అడిగాడు. పెట్టుకుని, మళ్ళీ తీసేసి, కళ్ళు మూసుకుని, కోసిన అంచు వెంబడి బొటనవేలు నడిపించాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఈడ," అన్నాడు. "ఈడ పడలా. నా చెయ్యే."

తర్వాత రెండో చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు.

"నిన్ను అనుమానించినా అల్లుడూ. పిడి నువ్వు తిప్పినావేమోనని, ఇన్నాళ్ళు, మనసులో ఒక మూల ఉండె. తప్పు నాది. ఏమనుకోవద్దు."

"పర్లేదు మామా," అన్నాను.

ఆయన కళ్ళు తెరవలేదు. నా మణికట్టు వదల్లేదు. అవతలి చేతి బొటనవేలు మాత్రం ఆ అంచు మీద తిరుగుతూనే ఉంది. నేను పూయకుండా వదిలిన ఆ నున్నటి చోటికి వచ్చినప్పుడల్లా ఆగి, కాసేపు తడిమి, మళ్ళీ మొదటినుంచి బయల్దేరుతోంది.